అంతర్జాతీయ వార్తల్లో పక్షపాతం లేకుండా చెప్పే చానెల్ ఏది?

లేదండీ, అలాంటిది లేదు. కొన్నేళ్లు ఒక పత్రికలో విదేశీ వార్తల పేజీ చూశాను, అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే ఎవరు ఎటు మొగ్గారన్నది చిన్న విషయం, ఏ వార్త పేజీ ఎక్కింది ఏది ఎక్కలేదు అన్నదే అసలు సంగతి, దాని గురించి మాత్రం ఎవరూ కొట్టుకోరు.

2023 జూన్ గుర్తుందా? 18న టైటానిక్ ఓడని చూడ్డానికి ఐదుగురితో సముద్రంలోకి దిగిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి గల్లంతైంది. దానికి నాలుగు రోజుల ముందే, 14న, లిబియా నుంచి ఇటలీకి వలసజనంతో బయల్దేరిన చేపల పడవ ఒకటి గ్రీస్‌లో పైలోస్ దగ్గర మునిగిపోయింది. అందులో ఎంతమంది ఎక్కారో ఇప్పటికీ తేలలేదు, 750 మంది దాకా అన్నారు. బతికింది 104 మంది, దొరికిన శవాలు 82, అంతే.

ఇక మా డెస్క్ చూడాలి ఆ వారం! వార్తా ఏజెన్సీ నుంచి టైటాన్ మీద గంట గంటకీ అప్‌డేట్, లోపల ఆక్సిజన్ 96 గంటలకే అన్నారు కదా ఇక అదే కౌంట్‌డౌన్, మనుషులు ఎలా కూర్చుంటారో గ్రాఫిక్, ఐదుగురి ఫొటోలు, వాళ్ల వ్యాపారాలు, సరదాలు అన్నీ. పడవకేమో గ్రీస్ కోస్ట్‌గార్డు పైనుంచి తీసిన ఒక ఫొటో, డెక్ మీద ఇసకేస్తే రాలనంత జనం, మాకు వచ్చిన కాపీలో ఒక్కరి పేరూ లేదు. పడవ వార్త మూడు కాలమ్‌లలో పెడదాం సార్ అంటే ఇన్‌చార్జి "పేర్లు లేవు, ఫొటో మొన్నే వాడేశాం, ఇంకేం పెడతావయ్యా" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఏజెన్సీ పంపనిది పేజీలోకి ఎక్కడ్నుంచి వస్తుంది? చివరికి పడవ కింద సింగిల్ కాలమ్‌లో పడింది.

ఇంకో తమాషా, టైటాన్ బద్దలైన శబ్దం లాంటిది అది దిగిన ఆదివారమే అమెరికా నేవీకి అందిందట, బయటికి చెప్పింది గురువారం. ఆ మధ్యలో ప్రపంచమంతా ఆక్సిజన్ లెక్కపెడుతూ కూర్చుంది.

ఇదంతా తెల్లోళ్ల పక్షపాతం అని తేల్చేసేవాళ్లున్నారు, నేనొప్పుకోను. టైటాన్‌లోనూ పాకిస్తానీ తండ్రీకొడుకులు ఉన్నారు, పడవలోనూ వందల మంది పాకిస్తానీలే. డబ్బు, పేరు, సస్పెన్స్ ఉంటే వార్త, లేకపోతే లేదు. గాల్టుంగ్, రూగె అని ఇద్దరు పరిశోధకులు నార్వే పత్రికలు ముందేసుకుని 1965లోనే ఇంచుమించు ఇదే చెప్పారు, పెద్ద దేశాలు పెద్ద మనుషులు ఉంటేనే వార్తకి విలువ అని.

బ్యాలెన్స్ అంటారు చూడండి, నాకు దాని మీద ఇంకా మంట. సాయం చేస్తామంటే పడవలోవాళ్లే వద్దన్నారని కోస్ట్‌గార్డు, తాడు కట్టి లాగితేనే పడవ తిరగబడిందని బతికినవాళ్లు. చెరో వాక్యం వేసి చేతులు దులుపుకోవడమే బ్యాలెన్స్! మనుషుల్ని దొంగచాటుగా తరలించే స్మగ్లర్లంటూ 9 మంది ఈజిప్టు వాళ్లని అరెస్టు చేస్తే అది హెడ్డింగ్ అయింది. ఆ కేసు మా పరిధి కాదని గ్రీస్ కోర్టు 2024 మేలో కొట్టేసింది, 2025లో కోస్ట్‌గార్డు వాళ్లే 17 మంది మీద అభియోగాలొచ్చాయి, ఇవి మీరు ఎక్కడైనా చదివారా?

టీవీ సంగతి అడక్కండి, ఆర్మా 3 అనే వీడియో గేమ్ క్లిప్పులు యుద్ధం అని వేసిన చానెళ్లున్నాయి.

కొందరు అల్ జజీరా, బీబీసీ, ఆర్‌టీ మూడూ చూస్తే సరిపోతుందంటారు. ఒకదానికి ఖతార్ డబ్బు, ఒకదానికి బ్రిటన్ జనం కట్టే లైసెన్స్ ఫీజు, ఇంకోదానికి రష్యా ప్రభుత్వం, సరే మూడు వైపులూ వినొచ్చు, కానీ ముగ్గురూ వదిలేసింది ఎక్కడ దొరుకుతుంది మీకు? సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం, కోటి మందికి పైగా ఇళ్లొదిలి పోయారు, కొట్టుకుంటున్న ఆ ఇద్దరు జనరళ్ల పేర్లు మీ స్నేహితుల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. జెలెన్‌స్కీ పేరు మాత్రం చిన్నపిల్లలు కూడా చెప్తారు.

కాబట్టి చానెల్ పేరు పక్కనపెట్టి వార్త మొదట్లో ఉండే ఊరి పేరు చూడండి. సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో జరిగింది నైరోబీలోనో కైరోలోనో కూర్చుని రాస్తే ఫోన్లో విన్నదే రాశాడని అర్థం, దాన్ని ఆ మేరకే నమ్మండి. అసలు ఊరి పేరే లేకపోతే అది డెస్క్‌లో కూర్చుని నాలాంటివాడు కలిపి కుట్టింది.