ముందు ఆ సంచి విప్పేయండి

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. పరీక్ష వాయిదా పడుతుందన్న ఆశతో, స్నేహితుడి ఫోను తీసుకుని 112కు చేసి, కాలేజీలో బాంబు ఉందని చెప్పాడు. పోలీసులు కుక్కలతో వచ్చి మూడు గంటలు గాలించారు. ఆ రాత్రి ఏడుస్తూ నాకు చెప్పాడు. కొన్నాళ్లు మా తమ్ముడి ఇంటికి పంపేద్దామని బట్టలు సర్దాను. సరదాకు చేసినదానికి కూడా జైలు ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ సంచి విప్పేయండి. నేరం చేశాడని తెలిసీ, శిక్ష తప్పించాలని దాచిపెడితే భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ కింద అది వేరే నేరం. అందులో మినహాయింపు భార్యాభర్తలకే. తల్లికి లేదు. ఆ సెక్షన్ రాసినవారికి కన్నతల్లి గుర్తు రాలేదా అని నేనూ విసుక్కుంటాను గానీ, చట్టం అలాగే ఉంది. మీతోపాటు మీ తమ్ముడూ ఇరుక్కుంటారు.

ఇక మీవాడి సంగతి. జనంలో భయం పుట్టించేలా అబద్ధపు సమాచారం ఇస్తే 353వ సెక్షన్: 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో బెయిలు హక్కుగా రాదు. అబద్ధమని తెలిసీ చెప్పి, పోలీసుల ద్వారా ఇతరులను ఇబ్బంది పెట్టినందుకు 217వ సెక్షన్: ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇది 6 నెలలు, 1,000 రూపాయలే. 2024 జూలై 1 నుంచి పెరిగింది.

‘సరదా’ అన్న మాట కోర్టులో పనికిరాదు. దిక్కులేని సంచిని చూసి నిజంగా భయపడి ఫోను చేస్తే, తీరా అందులో పాత బట్టలే ఉన్నా నేరం కాదు. సహేతుకమైన కారణంతో, సదుద్దేశంతో చెప్పినవారిని 353 కూడా వదిలేస్తుంది. మీవాడికి మాత్రం బాంబు లేదని ముందే తెలుసు.

ఒకసారి ఒక తండ్రి, కొడుకు విరగ్గొట్టిన సిమ్ ముక్కలను అగ్గిపెట్టెలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చారు, గండం గడిచిందన్న ధీమాతో. ఫోను చేసిన వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి కదా! పైగా సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణ అదనంగా మెడకు చుట్టుకుంటుంది. మీరు అలాంటి పని చేయకండి. క్రిమినల్ కేసులు చూసే లాయరును ఈరోజే కలిసి, సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేయించండి.

ఒక ఊరట ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్లలోపు వారిని ఇలాంటి నేరానికి జైలుకు పంపాలంటే న్యాయమూర్తి కారణాలు రాయాలి. అయితే వయసు లెక్క తప్పు చేసిన నాటిది కాదు, కోర్టు దోషిగా తేల్చిన నాటిది. అప్పటికి 21 దాటినా, 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన పూచీకత్తు మీద వదిలేయమని అడగవచ్చు.

అన్నట్టు, 112లో నమోదైన నంబరు మీవాడిది కాదు. పోలీసులు మొదట తలుపు తట్టేది ఆ స్నేహితుడి ఇంటికే. లాయరుతో మాట్లాడేటప్పుడు ఆ పిల్లవాడి సంగతి దాచకండి.