పాత ఫుల్ సస్పెన్షన్ సైకిల్‌ని ట్రయల్‌కీ, రోడ్డుకీ సిద్ధం చేయొచ్చా?

1990ల నాటి ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుదుపులు మింగే) మౌంటెన్ బైక్ ఫ్రేమ్ దొరికింది, ట్రయల్‌కీ (కొండల్లో, అడవుల్లో మట్టి దారికీ) రోడ్డుకీ పనికొచ్చేలా బిగించుకోవచ్చా అని కదా ప్రశ్న. బిగించుకోవచ్చు. అయితే పార్టులు కొనే ముందు ఫ్రేమ్ సంగతి తేల్చుకోండి.

వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకి ఊపండి. టక్‌టక్‌మని ఆడుతుంటే పివట్ అతుకు (ఫ్రేమ్ వెనక భాగం కీలులా కదిలే చోటు) మీద వేలు పెట్టి మళ్లీ ఊపండి. వదులు అక్కడే ఉంటే వేలికి తెలిసిపోతుంది. అరిగిన బుషింగులు, బేరింగులు మార్చుకోవచ్చు. వెల్డింగ్ పక్కన సన్నటి పగులు కనిపిస్తే మాత్రం ఆ ఫ్రేమ్ గోడకి తగిలించుకోవడానికే.

వెనక షాక్ అబ్జార్బర్ (షాక్) మార్చాలంటే రెండు కొలతలు పాతదానితో కలవాలి: బోల్టు రంధ్రాల మధ్య దూరం, స్ట్రోక్ (షాక్ లోపలికి దిగే దూరం). ముందు ఫోర్క్ దగ్గర అత్యాశ వద్దు (చాలామంది ఇక్కడే బోల్తా పడతారు). 80 మి.మీ. ట్రావెల్‌కి (ఫోర్క్ లోపలికి దిగే దూరానికి) తయారైన ఫ్రేమ్‌కి 140 మి.మీ. ఫోర్క్ వేస్తే ముందు భాగం పైకి లేస్తుంది, మలుపుల్లో హ్యాండిల్ బద్ధకిస్తుంది, హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ఫ్రేమ్ గొట్టం) మీద భారం పెరుగుతుంది.

రెండు రకాల దారులకీ ఒకే టైరు అంటే రాజీపడటమే. నేనైతే 26 అంగుళాల చక్రాలు రెండు జతలు పెట్టుకుంటాను: ఒకదానికి 2.1 అంగుళాల గుబ్బల టైర్లు, రెండోదానికి 1.5 నున్నటివి. వీ-బ్రేకులైతే (రిమ్ముని రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కేవి) రెండు జతల రిమ్ముల వెడల్పూ ఒకటే ఉండాలి, లేదంటే మార్చిన ప్రతిసారీ బ్రేక్ ప్యాడ్లు సర్దుకోవాలి.

గాలి షాక్ అయితే ట్రయల్‌లో మీరు ఎక్కి కూర్చున్నప్పుడు స్ట్రోక్‌లో సుమారు పావు వంతు దిగేలా ప్రెషర్ పెట్టండి. రోడ్డు మీద ఇంకాస్త గాలి కొట్టండి, షాక్ మీద రాసిన గరిష్ఠ పరిమితి దాటకుండా.