ఐసీ మార్చాక సీడీ ప్లేయర్‌లో బుస

ప్రశ్న: పాత సీడీ ప్లేయర్‌లో ఎన్‌ఈ5532 ఐసీ (ధ్వని సంకేతాన్ని నడిపే ఆప్-ఆంప్ చిప్) తీసి ఎల్‌ఎం4562 పెట్టాను. కుడివైపు బుసమంటోంది, ఐసీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఎందుకండీ?

జవాబు: ముందు ప్లేయర్‌ను ఆంప్లిఫయర్ నుంచి విడదీయండి. ఐసీ మీది గాడి, బోర్డు మీద దాని గుర్తు ఉన్న వైపే ఉందా? తిరగబడితే ఐసీ పోయినట్టే. సరిగ్గానే ఉంటే, ఐసీ చెవికి వినపడనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతూ (తనంతట తానే కంపిస్తూ) ఉండొచ్చు. 5532 బ్యాండ్‌విడ్త్ (పనిచేయగల వేగం) 10 మెగాహెర్ట్జ్, 4562ది 55. అంత వేగానికి ఐసీకి అందే కరెంటు సరఫరా శుభ్రంగా ఉండాలి.

అందుకే ఐసీకి సరఫరా అందే 4, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను బోర్డు అడుగున, తీగలు వీలైనంత పొట్టిగా కత్తిరించి అతకండి. పొడుగు తీగలతో పెడితే పెట్టనట్టే. తర్వాత అవుట్‌పుట్ సాకెట్లో డీసీ వోల్టేజీ కొలవండి. కొద్ది మిల్లీవోల్టులు దాటకూడదు.

అప్పటికీ తగ్గకపోతే పాత ఐసీనే పెట్టి చూడండి. బుస అలాగే ఉంటే టంకం వేసేటప్పుడు బోర్డు మీది రాగి గీత లేచిపోయి ఉండొచ్చు. నిజానికి 5532 అంత తీసిపారేసే ఐసీ ఏం కాదు.