ఒకసారి వాడాక లాక్ అయ్యే సిరంజీలు ఉండగా, పేద దేశాల్లో పాతవే మళ్ళీ ఎందుకు వాడుతున్నారు?

టీకాల వరకు ఈ సమస్య చాలావరకు తీరింది. 2003 చివరికల్లా టీకాలన్నీ ఆటో డిజేబుల్ (ఒకసారి వాడాక లాక్ అయ్యే) సిరంజీలతోనే వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1999లోనే చెప్పాయి. దాతల డబ్బు ఉంది, కొనుగోలు ఒకేచోట జరుగుతుంది. కానీ మొత్తం ఇంజెక్షన్లలో టీకాలు కొద్ది భాగమే. మిగతావి జ్వరానికో నీరసానికో చిన్న క్లినిక్కుల్లో వేసేవి. అక్కడ సిరంజీ కొనేది వైద్యుడే, పాతదే వాడి డబ్బు మిగుల్చుకునేదీ ఆయనే.

పాకిస్తాన్‌లో లర్కానా జిల్లా రతోదెరోలో 2019లో వందలాది పిల్లలకు హెచ్‌ఐవీ బయటపడింది. చాలామంది తల్లులకు అది లేదు, అంటే వాళ్ళ నుంచి వచ్చింది కాదు. వాడిన సిరంజీలు, డ్రిప్ సెట్లే మళ్ళీ వాడటం ప్రధాన కారణమని తేలింది. 2021లో ఆ దేశం మామూలు సిరంజీల తయారీని, దిగుమతిని నిషేధించింది. నన్నడిగితే అసలు మందు ఇదే: చవక సిరంజీ పక్కనే దొరుకుతుంటే ఎన్ని శిక్షణలిచ్చినా లాభం తక్కువ.

సూది మారిస్తే చాలదా అంటారు. చాలదు. గుచ్చినప్పుడు కంటికి కనిపించనంత రక్తం గొట్టంలోకి వెనక్కి రావచ్చు. ఆటో డిజేబుల్ రకంలో ప్లంజర్ చివరిదాకా నొక్కాక మళ్ళీ లాగితే కదలదు, లేదా విరిగిపోతుంది.

గిరాకీ కూడా తగ్గాలి. మాత్ర సరిపోయే జ్వరానికీ "సూది వెయ్యండి డాక్టరుగారూ" అనడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. వాడినవి సేఫ్టీ బాక్సులో వేసి నాశనం చేయకపోతే, కడిగి కొత్త ప్యాకింగుతో అమ్మేవాళ్ళూ ఉంటారు.