రుణాత్మకం అంటే చెడ్డదని ఎవరన్నారు?

ప్రశ్న: మాస్టారూ, రుణాత్మక పునర్బలనం, శిక్ష ఒకటే కదా? మాక్ టెస్టులో అలాగే రాస్తే మార్కు పోయింది.
– సైకాలజీ మొదటి ఏడాది విద్యార్థిని

జవాబు: చదువుకునే రోజుల్లో నాకూ ఆ మార్కు పోయిందమ్మా. తర్వాత పేపర్లు దిద్దుతూ, నాకు తోడు చాలామందే ఉన్నారని తెలుసుకున్నాను. చిక్కంతా ‘రుణాత్మక’ అన్న మాటతోనే. వినగానే చెడ్డదేదో అనిపిస్తుంది. ఈ మాటలు వాడిన అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ లెక్కలో అది ఒట్టి మైనస్ గుర్తు. ఉన్నదాన్ని తీసేయడం, అంతే. ధనాత్మకమంటే కొత్తగా ఒకటి చేర్చడం. పునర్బలనం ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది.

కారులో బెల్టు పెట్టుకోకపోతే బీప్ బీప్‌మని గోల మొదలవుతుంది. పెట్టుకోగానే ఆగుతుంది. ఆ గోల పడలేక మర్నాటినుంచి ముందే బెల్టు పెట్టుకుంటాం. పోయింది గోల, పెరిగింది అలవాటు. ఇది రుణాత్మక పునర్బలనం. అదే, అల్లరి చేస్తున్న పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే? అక్కడా పోయిందేదో ఉంది, కానీ తగ్గింది అల్లరి. కాబట్టి అది రుణాత్మక శిక్ష. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో మెలిక ఉంది. పిల్లాడు ఏడుస్తాడు, తల్లి చాక్లెట్ ఇస్తుంది, ఏడుపు ఆగుతుంది. ఇది ఏ పునర్బలనం? నన్నడిగితే, ‘ఎవరికి?’ అని ఎదురడుగుతాను. పిల్లాడి ఏడుపుకి చాక్లెట్ దొరికింది, రేపు మళ్లీ ఏడుస్తాడు. అతనికిది ధనాత్మకం. తల్లికి చెవుల్లో హోరు తగ్గింది, రేపు మళ్లీ చాక్లెట్ తీస్తుంది. ఆమెకు రుణాత్మకం. ఇద్దరూ ఒకరికొకరు శిక్షణ ఇచ్చుకుంటున్నారన్నమాట! ప్రశ్నలో ఎవరి ప్రవర్తన గురించి అడిగారో దాని కింద ముందు గీత గీసి, తర్వాతే ఆప్షన్లు చూడు.

ప్రశ్న: పురోగమన అవరోధం, తిరోగమన అవరోధం ఎప్పుడూ తారుమారు చేస్తున్నాను. గుర్తుండే దారి చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి

జవాబు: ఫోన్ పాస్‌వర్డ్ మార్చాక కూడా వేళ్లు పాతదే కొడుతుంటాయి చూడు, అది పురోగమన అవరోధం. పాతది ముందుకొచ్చి కొత్తదానికి అడ్డుపడింది. కొన్నాళ్లకు పాత పాస్‌వర్డ్ ఏమిటో ఎంత తన్నుకున్నా గుర్తురాదు. కొత్తది వెనక్కి తిరిగి పాతదాన్ని చెరిపింది, అది తిరోగమనం. పేరులో ఉన్న దిక్కు, అడ్డుపడే దిక్కు ఒకటే.

ప్రశ్న: రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్‌కు నోబెల్ వచ్చింది శాస్త్రీయ నిబంధనానికేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి

జవాబు: కాదు. 1904లో ఆయనకు ఆ బహుమతి జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు వచ్చింది. కుక్క లాలాజలాన్ని కొలిచిందీ మొదట అందుకే. తిండి పెట్టకముందే, తెచ్చే మనిషి అలికిడికే నోరూరడం చూసి శాస్త్రీయ నిబంధనం వైపు, అంటే ఒక సూచనకు స్పందన ఇలా అలవాటుగా ముడిపడటం వైపు మళ్లాడు.