బి.డి. చదువు కోసం పొలం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె, పత్తి సాగు చేస్తాం. మా అబ్బాయి బి.ఏ. పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, దైవశాస్త్ర పట్టా) చదివి సంఘ కాపరి (పాస్టర్) కావాలన్నది అతని కోరిక. నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు మాకు భారం. ఎనుమాముల మార్కెట్‌లో మేము పత్తి అమ్మే అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) అప్పు ఇస్తానంటున్నారు. స్కాలర్‌షిప్ గాని, బ్యాంకు లోను గాని దొరుకుతుందా? మా పాత ఎస్సీ సర్టిఫికెట్ పనికొస్తుందా?

జవాబు: అయ్యా, ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. మీ అబ్బాయిని మీ సంఘం, అంటే మీ చర్చి, పంపుతున్నదా, లేక అతను తనంతట తాను వెళ్తున్నాడా? ఇంజనీరింగ్ చదువుకు ప్రభుత్వమో బ్యాంకో ఆధారమైనట్లు, దైవశాస్త్రానికి ప్రధానమైన ఆధారం సంఘమే. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని 1964లో పలు ప్రొటెస్టంట్ సంఘాలు కలిసి నెలకొల్పాయి; అటువంటి కళాశాలల్లో సంఘం పంపిన స్పాన్సర్డ్ అభ్యర్థికీ, సొంతంగా చేరిన ప్రైవేటు అభ్యర్థికీ చేతి నుంచి పడే ఖర్చులో చాలా తేడా ఉంటుంది. మీరు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారైతే పాస్టరేట్ (స్థానిక సంఘ) కమిటీ తీర్మానం, డయాసిస్ (బిషప్ పరిధి) ఇంటర్వ్యూ, బిషప్ గారి లేఖ అనే వరుసలో పని జరుగుతుంది. బాప్టిస్టులైతే మీ సంఘ పెద్దలతో మొదలుపెట్టాలి. దీనికి నెలలు పడుతుంది కాబట్టి ప్రవేశ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారమే మీ కాపరి గారిని కలవండి.

స్పాన్సర్‌షిప్ ఇచ్చేవారు చదువు తర్వాత కొన్నేళ్లు తమ పరిధిలో సేవ చేయాలని కోరడం న్యాయమే, అయితే ఆ మాట కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్ల సేవ, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి కట్టాలి, మెస్ బిల్లు కూడా సంఘమే భరిస్తుందా లేక ఫీజు వరకేనా అన్నవి సంతకానికి ముందే అడిగి రాయించుకోండి. కుటుంబాలు తరచుగా ఇబ్బంది పడేది మెస్ బిల్లు దగ్గరే.

ఇక సర్టిఫికెట్ విషయం. బాప్తిస్మ పత్రం, ఎస్సీ సర్టిఫికెట్ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూశాను. నాకు బాధ కలిగింది, ఎందుకంటే వారిని ఎవరూ హెచ్చరించలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీ కుటుంబాలు, వారి సంతతి మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి బీసీ-సి గాని, క్రైస్తవ మైనారిటీ గాని సరైన పత్రంతోనే దరఖాస్తు చేయండి. సంఘ కాపరి కాబోయే వ్యక్తి జీవితం తప్పుడు పత్రంతో మొదలు కాకూడదు. ఎస్టీలకు ఈ చిక్కు లేదు, మతం మారినా వారి హోదా మారదు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు చేసే ఈ-పాస్ పోర్టల్‌లో బీసీ, మైనారిటీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అయితే కళాశాల, కోర్సు రెండూ ఆ పోర్టల్‌లో నమోదై ఉంటేనే దరఖాస్తు ముందుకు సాగుతుంది. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి పరుగెత్తే ముందు కళాశాల ఆఫీసుకు ఫోన్ చేసి, మీ కోర్సు ఈ-పాస్‌లో కనిపిస్తుందా అని అడగండి. లేదంటే ఆ దారిని అంతటితో వదిలేయండి.

బ్యాంకు విద్యా రుణంలో 4 లక్షల వరకు ఆస్తి హామీ అడగరు గాని, పట్టా ఇచ్చే సంస్థకు గుర్తింపు ఉందా అని తప్పక అడుగుతారు. దైవశాస్త్ర పట్టాలిచ్చే సేరంపూర్ సెనేట్ పరిధిలోని కళాశాలా, లేక ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు మాత్రమే ఉన్నదా అన్నది అక్కడ ముఖ్యం. ఆ అసోసియేషన్ ప్రభుత్వ సంస్థ కాదు. లోను మంజూరైనా తీసుకోవద్దనే నా సలహా. పల్లె సంఘ కాపరి జీతంలో నెలనెలా వాయిదా కట్టడం ఇంటిని కుంగదీస్తుంది. అడ్తిదారు అప్పు అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే రేపు మీ పత్తికి ధర అడిగే స్వేచ్ఛ కూడా దానితోపాటు పోతుంది.

విదేశీ దాతలు పంపుతారని ఎవరైనా ఆశ పెడితే, ఆ నిధి ఏ సంస్థ ఖాతాకు వస్తుందో అడగండి. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ నిధి అందుకున్న సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పెద్ద మిషన్ల నుంచి చిన్న సంఘాలకు వచ్చే సాయం అందుకే ఆగిపోయింది.

సంఘం ఈ ఏడాది కాదంటే, మీ అబ్బాయి ఒక సంవత్సరం ఊళ్లోనే సండేస్కూలు, యువజన కూటాల బాధ్యత తీసుకొని, ఏదైనా ఉద్యోగం చేస్తూ మెస్ ఖర్చుకు కొంత కూడబెట్టుకోవచ్చు. వచ్చే ఇంటర్వ్యూలో కమిటీ వారు మొదట అడిగేది కూడా ఆ సేవ గురించే.