ఆ నేర్పు ఆడవాళ్లకు పుట్టుకతో రాదు

అనంతపురం నుంచి ఒక సోదరి రాశారు. ఎరువుల అంగడిలో లెక్కలు చూస్తారు. భర్త ఆర్టీసీ కండక్టర్, తాడిపత్రి రూటు. బడికెళ్లే పిల్లలిద్దరు, అత్తగారు. పొద్దున ఒక పొయ్యి మీద ఉగ్గాని, ఇంకో పొయ్యి మీద పప్పు, మధ్యలో పిల్ల జడలు, ఇంతలో కొళాయి. "పోయిన నెల కుక్కర్ మాడింది. అదే వారం బిల్లులో ఒక సున్నా ఎక్కువేసి మాటలు పడ్డాను. 'ఆడోళ్లకు నాలుగు పనులు ఒక్కసారే చేసే నేర్పు పుట్టుకతోనే వస్తాది, నీకే రాలేదు' అంటుంది అత్తమ్మ. 'మొగోళ్ల బుర్రకు ఒకటే పని పడతాది' అని మావారు తప్పుకుంటారు. లోపం నాలోనే ఉందా?" అని అడిగారు.

లేదమ్మా. జర్మనీలో 48 మంది ఆడవాళ్లకు, 48 మంది మగవాళ్లకు అక్షరాలు, అంకెలు చూపించి, కాసేపు రెండు పనులు ఒకేసారి, కాసేపు మార్చి మార్చి చేయించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. పనులు కలిసేసరికి ఇద్దరికీ వేగం తగ్గింది, తప్పులు పెరిగాయి. ఆడా మగా తేడా లేదు. 2013లో బ్రిటన్‌లో చేసిన పరీక్షల్లో ఆడవాళ్లు కొన్నింట్లో కాస్త ముందున్నారు, అన్నింట్లో కాదు. ఆ కాస్త చూపించి ఇంటి చాకిరీ అంతా ఒకరి నెత్తిన పెట్టడం అన్యాయం. ధ్యాస పెట్టాల్సిన రెండు పనులను ఎవరి మెదడూ ఒకేసారి చేయలేదు. ఒకటి వదిలి ఇంకొకటి అందుకుంటుంది. ఆ సందులోనే కుక్కర్ మాడుతుంది, సున్నా పెరుగుతుంది.

మీవారి మాటకు ఆయన ఉద్యోగమే జవాబు. కదిలే బస్సులో టికెట్లు కొడతారు, చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిస్తారు, ఎవరెక్కడ దిగాలో చూస్తారు, రైట్ చెబుతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ల కార్డులు చూసి ఉచిత టికెట్లూ ఇస్తున్నారు. ఆయనకు డ్యూటీ నేర్పిందే ఇదంతా. ఇంటి పనీ అట్లే వస్తుంది.

మీ మీదున్నది మోయలేనంత బరువు. 2019 కేంద్ర సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97. సిలిండర్ ఎప్పుడైపోతుంది, ఫీజు గడువెప్పుడు అని మీరు తలలో మోసేది వేరే.

అందుకే ఆయన్ను "కాస్త సాయం చేయండి" అని అడగకండి. అప్పుడు గుర్తుచేసే పని కూడా మీకే మిగులుతుంది. సెలవు రోజు పక్కన కూర్చుని, "నీళ్లు, సిలిండర్, పిల్లల ఫీజులు ఇక మీవి. నేను గుర్తుచేయను" అని చెప్పండి. మొదట్లో మరిచిపోతారు. సిలిండర్ ఆలస్యమైనా మీరు చాటుగా బుక్ చేయకండి, ఇది మీకు చాలా కష్టమని తెలుసు. అత్తగారి బీపీ మాత్రల వంటివి మాత్రం ఆయన కుదురుకున్నాకే ఇవ్వండి.

అత్తగారితో వాదన వద్దు. ఆమె రోజుల్లో ఆమెకూ ఎవరూ చేయి అందించి ఉండరు. ఆ కష్టాన్నే నేర్పు అనుకుంటూ వచ్చారేమో. ఆ రోజుల గురించి అడగండి, చెప్పనివ్వండి.

అంగడిలో బిల్లు రాసేటప్పుడు ఫోన్ ఎత్తకండి, మొత్తం ఇంకోసారి కూడండి. నిద్ర ఎన్ని గంటలో మీరు రాయలేదు. మతిమరుపుతో పాటు నీరసం కూడా ఉంటే ఈ వారమే ప్రభుత్వాసుపత్రిలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆ పూట పిల్లల్ని ఆయనే బడికి తయారు చేస్తారు.